పదములకు ముడి

అమరసింహుడు పదములను అక్షరక్రమమున గాక అర్థమునుబట్టి కూర్చెను. 1985లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయమున జార్జి మిల్లర్ ఆరంభించిన ఆంగ్ల 'వర్డ్‌నెట్' కూడ అట్టిదే. ఒక్కొక్క భావమునకు ఒక్కొక్క పర్యాయపదముల గుంపు. బొంబాయి ఐఐటీలో వెలసిన హిందీ వర్డ్‌నెట్‌ను ఆధారముగా గొని, నిఘంటుకారులు తెలుగు మొదలగు భాషలను 'ఇండోవర్డ్‌నెట్'గా కలిపిరి. 2010లో వెలువడిన 'బాబెల్‌నెట్' నందు వికీపీడియాను వర్డ్‌నెట్‌తో యంత్రమే జతపరచినది.

ఇందువలన శ్రమ తగ్గును, చిక్కు తీరదు. ఆంగ్లమున 'అంకుల్' ఒక్కడే. తెలుగున పెదనాన్న, బాబాయి, మేనమామ వేరువేరు. బాబాయి కూతురు చెల్లెలు; మేనమామ కూతురు మరదలు. ఈ మూడు పదములను ఆ ఒక్కదానికే ముడివేసినచో అనువాదమున వరుసలే తారుమారగును. కావున యంత్రము వేసిన ముడులను తెలుగెరిగినవారు సరిచూడక తప్పదు.