రింగు చక్రములలో గాలి దిగిపోవుట

గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు తోలే రోజులలో దాచేపల్లి రైతు రెండింటిని కనిపెట్టి యుండును: ఒకటి మబ్బు, రెండవది లారీ టైరు. నిండు బరువుతో పిడుగురాళ్ల దాటిన బండి దారిలో చతికిలబడినచో బాడుగ మాత్రమే కాదు, ఆనాటి ధర కూడ చేయి జారవచ్చును. ఇదే రహదారిపై సున్నపురాయి, సిమెంటు మోయు లారీలును తిరుగుచుండును. ట్యూబు టైర్లతో నడచు పెద్ద బండ్లకు రింగు చక్రములు ఉండును. ట్రాక్టరు ట్రక్కులు కొన్నింటికి కూడ ఇట్టివే ఉండుటచే ఇది రైతు ఇంటి సంగతి కూడ.

ట్రాక్టరు వెనుక చక్రపు రిమ్ము ఒకే ముక్క. 20 అంగుళముల లారీ టైరు అంచులోని ఉక్కుతీగల చుట్ట మిక్కిలి బిరుసు. దానిని కమ్మీలతో సాగదీసి ఎక్కించుట కుదరదు. అందుచే డిస్కుకు ఒక ప్రక్క అంచును ఊడదీయుటకు వీలుగా చేసి రింగుతో బంధింతురు. కొన్నింటికి ఒకే రింగు. కొన్నింటికి అంచు రింగు వేరు, దానిని పట్టియుంచు లాకు రింగు వేరు. ఈ రింగుకు బోల్టు లేదు, మర లేదు. గాడిలో కూర్చున్న దానిని లోపలి గాలి ఒత్తిడియే బిగించి యుంచును. సరిగా కూర్చుండనిచో ఆ ఒత్తిడియే దానిని విసరివేయును.

ఎంత బలముతో విసరునో లెక్కవేసి చూడుడు. 20 అంగుళముల వృత్తము వైశాల్యము 314 చదరపు అంగుళములు. అంగుళమునకు 100 పౌండ్ల చొప్పున 31,400 పౌండ్లు, అనగా 14 టన్నులకు పైన. 40 కిలోల మిర్చి టిక్కీలు 350 ఒక్కసారిగా మీద పడినట్లు. గాలి కొట్టుచు రింగుకు ఎదురుగా కూర్చున్న కుర్రవాడు ఈ లెక్క ఎరుగడు.

ఇక గాలి ఎక్కడ పోవుచున్నదో చూతము. మొదట వాల్వు మూత తీసి ఉమ్మిగాని సబ్బునీరుగాని పెట్టిన, పిన్ను కారుచున్నచో బుడగ లేచును. పిన్ను మార్చిన సరిపోవును. ఈ చిన్న పరీక్ష చేయక చక్రము విప్పించి కూలి ఇచ్చుకొనువారు చాలమంది. పిన్ను బాగున్నచో తప్పు ట్యూబులో ఉన్నది. రింగు సందులో బుడగలు కనిపించినంత మాత్రమున రింగు కారుచున్నదని తలచరాదు. ట్యూబుకు ఎక్కడ చిల్లి పడినను గాలి టైరులోపల ప్రాకి రింగు సందునుండియో వాల్వు రంధ్రమునుండియో బయటపడును. ఆ బుడగను చూచి రింగుమీద సుత్తి ఎత్తుట ప్రాణాపాయము.

చక్రము దింపుటకు ముందే వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా వదలవలెను. జంట చక్రములైనచో నట్లు వదులు చేయుటకు ముందు రెండింటి గాలియు తీయవలెను. విప్పునపుడు వాల్వు ఉన్నచోట టైరుపై సుద్దముక్కతో గుర్తు పెట్టుడు. ట్యూబును నీటిలో ముంచి చిల్లి కనుగొన్న తరువాత, ఆ గుర్తునుబట్టి టైరులో మేకు ఎక్కడ దాగినదో తెలియును. చిల్లి ఉన్నచోటే కారణము చెప్పును. బయటివైపున ఉన్న మేకో ముల్లో. డిస్కువైపున ఉన్న ఫ్లాపు చినిగినది, లేదా త్రుప్పు గీచినది. రెండు చిల్లులు ప్రక్కప్రక్కన ఉన్న ఎక్కించునపుడు కమ్మీ నొక్కినది. ఫ్లాపు మార్చక ట్యూబుకు మాత్రము ప్యాచి వేయించిన, వారము తిరుగకుండ మరల గాలి దిగును.

మన ప్రాంతమున రాతిపొడి తడిసి గాడిలో గట్టిపడును. వర్షాకాలము పోయిన తరువాత దాని క్రింద త్రుప్పు పొరలుపొరలుగా ఉండును. తీగబ్రష్షుతో గాడిని, రింగును మెరయునట్లు తోమి, పగుళ్లకై చూడవలెను. పగిలిన, వంగిన రింగును పాత ఇనుమునకు వేయుడు. అతుకు పెట్టించరాదు, కాల్చి సరిచేయరాదు. వేరు రకపు డిస్కు రింగు కొలతకు సరిపోయినట్లు తోచినను వాడరాదు.

గనులలో తిరుగు పెద్ద డంపర్ల సంగతి వేరు. వాటి చక్రములు ఐదు ముక్కలైనను చాలవాటికి ట్యూబు ఉండదు. గాలిని ఆపునది రబ్బరు ఓ-రింగు. అక్కడ రింగు సందున బుడగ వచ్చిన తప్పు నిజముగా అక్కడే ఉండవచ్చును. గాలి తీసి, విప్పి, గాడి శుభ్రముచేసి ప్రతిసారియు క్రొత్త ఓ-రింగు వేయవలెను. గ్రీజు, డీజిలు పూయరాదు, రబ్బరు పాడగును.

అమెరికా ప్రభుత్వము 1980లో ఇట్టి చక్రములకు ప్రత్యేక నిబంధనలు చేసినది. గాలి నింపునపుడు చక్రము ఇనుప బోనులో ఉండవలెను. గొట్టము చివర వాల్వును కరచుకొను క్లిప్పు, మధ్యలో ఒత్తిడి కొలత ఉండి, మనిషి దూరముగా నిలువవలెను. నిర్ణీత గాలిలో నూటికి 80 వంతులుగాని అంతకు తక్కువగాని ఉండగా నడిచిన చక్రమును బండిమీదనే నింపరాదు. దింపి, విప్పి చూడవలెను. మన పంక్చరు షాపులో బోను లేదందురేమో. రెండు బస్తాల మిర్చి డబ్బు పెట్టి వెల్డింగు షాపులో అల్లించిన పైపుల చట్రము చాలునని తలచుట కూడ తగదు. 14 టన్నులకు ఆగునట్లు దానికై తయారైనది కొనవలెను. నలుగురు లారీ యజమానులు కలిసిన ఒక్కొక్కరికి భారము కాదు.

బిగించునపుడు ట్యూబుకు పౌడరు చల్లి, మొదట కొద్దిగా గాలి పట్టించి, మరల వదలి, ముడుతలు పోయిన పిమ్మట బోనులో పూర్తిగా నింపుడు. గాలి ఎక్కుచుండగా రింగు ఒకవైపు లేచినట్లు కనిపించిన కొట్టి కూర్చుండబెట్టరాదు. గాలి అంతయు తీసి మొదటినుండి చేయవలెను. మరునాటి ఉదయము బండి కదలకముందు టైరు చల్లగా ఉండగా గాలి కొలుచుడు. పరుగుమీద ఉన్న టైరు వేడికి ఒత్తిడి పెరుగుట సహజము. అది చూచి దారిలో గాలి తీసినవారికి తెల్లవారునప్పటికి టైరు మెత్తగా కనిపించును.