పాత నేలపై కొత్త పలకలు

ఇంటికి క్రొత్త నేల వేయించునపుడు గృహస్థులు పలకల రంగును, నునుపును, వెలను విచారింతురు. క్రిందనున్న పాత నేలను విచారించువారు అరుదు. పలకలు పగులుటకును, క్రుంగుటకును కారణము చాలవరకు ఆ పాత నేలయందే యుండును. కావున మేమిచ్చట చెప్పదలచినది పలకను గూర్చి కాదు, పలకను మోయు నేలను గూర్చి.

నగరి నేతపనివారి ఊరు. మరమగ్గములు రాక పూర్వము ఇచ్చటి పెక్కు ఇండ్లలో గుంటమగ్గము లుండెడివి. నేతగాడు గుంట అంచున కూర్చుండి, కాళ్లు లోనికి విడిచి, తొక్కుడు చెక్కలను నడపెడివాడు. మగ్గము పోయిన పిమ్మట చేతికందిన మన్నును, పెంకులను, చెక్కముక్కలను వేసి గుంటను పూడ్చి, పైన పేడతో అలికినచో నేల చూచుటకు సమముగానే యుండును. కాని వదులుమట్టి రేణువుల నడుమ ఖాళీ లుండును. నీరు ఇంకినపుడు రేణువులు దగ్గరకు జరిగి మట్టి క్రుంగును. కడపరాయియు, నంద్యాల జిల్లా బేతంచెర్ల రాయియు పొరలుగా విడివడు సున్నపురాళ్లు. అవి నిలువు బరువును చక్కగా మోయును గాని వంపును ఓర్వవు. అడుగున డొల్లయైనచో బీరువా కాలు మోపిన చోటనే చిట్లును.

కనుక మొదట ఇనుపకడ్డీతో నేలను అడుగడుగునకు తట్టి చూడవలెను. డొల్లగా పలికిన చోట గుర్తుపెట్టి, గట్టిమన్ను తగులువరకు త్రవ్వింపవలెను. చెక్కముక్క యొక్కటియు మిగులరాదు. అది చెదలకు ఆహారము. పిదప గరపమట్టిని అర అడుగు మందమున పోసి, నీరు చల్లి, దిమ్మిసతో కొట్టి, ఆ తరువాతనే రెండవ పొర వేయవలెను. గుంటనంతయు ఒకేసారి నింపి పైన కొట్టినచో దెబ్బ అడుగునకు చేరదు.

రెండవది, అలుకు పొరలను గీకివేయుట. పేడపొరపై సిమెంటు గాని సున్నము గాని పట్టు నిలువదు.

మూడవది మట్టము. నీరు నింపిన గాజువంటి గొట్టమును పట్టి, రెండు కొనలలోని నీటిమట్టమును బట్టి నాలుగు గోడలపై గుర్తులుంచి, అచ్చటినుండి క్రిందికి కొలువవలెను. రాయి ఒక అంగుళము, గచ్చు రెండంగుళములు అయినచో నేల మూడంగుళములు లేచును. లోనికి తెరచుకొను తలుపు అప్పుడు కదలదు. ఈ లెక్క ముందే చూచుకొనవలెను. నీళ్లుపోసి కడుగు గదులలో నూరంగుళములకు ఒక అంగుళము చొప్పున తూమువైపు వాలు ఉంచవలెను.

చెక్కపలకలు వేయదలచిన వారికి తేమయే ప్రధాన శత్రువు. రెండడుగుల ప్లాస్టిక్ కాగితమును నేలపై పరచి, అంచులు నాలుగు ప్రక్కల అంటించి, ఒక దినమంతయు ఉంచి చూడుడు. అడుగున చెమ్మ పట్టినచో నేల ఇంకను ఆరలేదన్నమాట. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనముల వానలు కురియు ఈ ప్రాంతమున వేసవియే ఇట్టి పనికి అనువైన కాలము. చెక్క తేమకు ఉబ్బును గనుక గోడలవెంట అర అంగుళము ఎడముంచవలెను.

ఇక నొక్క మాట. గుంట ఇంకను తెరచియే యున్న ఇంట, పూడ్చుటకు ముందు మగ్గము నేసిన పెద్దలతో ఆలోచింపుడు. రాయి పరచిన పిమ్మట మరల త్రవ్వుట సులభము కాదు. పూడ్చుటకే నిశ్చయించినచో సగము పనితో ఆపకుడు. దిమ్మిసకు పట్టు రెండు దినముల కూలి, పగిలిన నేలను పెకలించి మరల వేయు ఖర్చుకంటె ఎంతయో తక్కువ.