కూలి మాట్లాడుకుంటే చాలదు, రాసుకోవాలి

పనికి బయలుదేరే మనిషి సద్దిమూట మరచిపోడు. కానీ కూలి ఎంత, పని ఎన్ని గంటలు, డబ్బు ఎప్పుడిస్తారు, దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు అన్న నాలుగు మాటలు కాగితం మీద ఉన్నాయా అని అడిగే అలవాటు మనలో చాలామందికి లేదు. ఆ కాగితం విలువ తెలుసుకోవడానికి దూరం పోనక్కరలేదు. పశ్చిమ ప్రకాశంలోని దొనకొండ, మార్కాపురం వైపు చూస్తే చాలు.

రైలు కొలువు

గుంటూరు-గుంతకల్లు మార్గం మీటర్‌గేజిగా ఉన్న రోజుల్లో దొనకొండ పేరున్న రైల్వే ఊరు. ఆవిరి ఇంజన్ల షెడ్డు, రైల్వే క్వార్టర్లు, వాటిని నమ్ముకున్న అంగళ్ళు ఉండేవి. 1990వ దశకంలో బ్రాడ్‌గేజి వచ్చింది. ఆవిరి ఇంజన్లు పోయాయి, వాటితోపాటు ఊరి సందడీ తగ్గింది. అయితే రైల్వేలో పర్మినెంటు ఉద్యోగికి ఇలాంటప్పుడు ఊరు మారుతుందే గాని కొలువు పోదు. అతని పేరిట సర్వీసు రిజిస్టరు ఉంటుంది. చేరిన తేదీ, జీతం, సెలవులు అన్నీ అందులో ఎక్కుతాయి. బదిలీ అయితే ఆ రిజిస్టరూ వెంట వెళుతుంది. రిటైరైన నాడు పింఛను లెక్క కట్టేది దానిని బట్టే.

మరి అదే రైల్వేలో మట్టి మోసిన, కంకర పరచిన రోజుకూలీల మాటేమిటి? 1985లో ఇందర్‌పాల్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పుతో వారికి ఒక దారి దొరికింది. ప్రాజెక్టు పనుల్లో 360 రోజులు ఎడతెగకుండా చేసిన క్యాజువల్ కూలీలకు తాత్కాలిక ఉద్యోగి హోదా ఇచ్చే పథకం అమలుకు వచ్చింది. కానీ 360 రోజులు చేసినట్టు రుజువేది? పనిదినాలు రాసిన క్యాజువల్ లేబర్ కార్డు దాచుకున్నవాడు దానిని చూపగలిగాడు. లేనివాడు సాక్ష్యం కోసం తిరగవలసి వచ్చింది. ఇద్దరూ కార్చిన చెమట ఒక్కటే. రాత మాత్రం ఒకరికే ఉంది.

పలకల గనులు

అదే రైలుమార్గంలో పడమరకు వెళితే మార్కాపురం వస్తుంది. తెలుగు పిల్లలు అక్షరాలు దిద్దిన రాతిపలకలకు పెట్టింది పేరు. గనిలో రాయి తీయడం, పొరలుగా చీల్చడం, కోసి నునుపు చేయడం, చట్రం బిగించడం అంతా కూలీల చేతి చలవే. ఆ చేతుల్లో పసిచేతులు కూడా ఉండేవి. 1987 జాతీయ బాలకార్మిక విధానం కింద కేంద్ర ప్రభుత్వం మొట్టమొదట చేపట్టిన తొమ్మిది ప్రాజెక్టుల్లో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. పలకలు తయారుచేసే పిల్లలకే బడి లేకపోవడం ఎంత విచారకరం!

రాతిపనిలో మరో ముప్పు ధూళి. మధ్యప్రదేశ్‌లోని మందసౌర్‌లో పలక బలపాలు చేసే కార్మికులను అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశోధకులు పరీక్షించారు. వారిలో సగానికి పైగా సిలికోసిస్ ఉన్నట్టు తేలింది. 1985లో ఆ ఫలితాలు ప్రచురించారు. సన్నని రాతిధూళి ఊపిరితిత్తుల్లో చేరి మచ్చలు కట్టడమే ఈ జబ్బు. దీనిని నయం చేసే మందు లేదు. తరచుగా ఏళ్ళు గడిచాక గాని బయటపడదు. అప్పుడు నష్టపరిహారం అడగబోతే ఎదురయ్యే మొదటి ప్రశ్న, ఎవరి దగ్గర ఎన్నేళ్ళు పనిచేశావు అని. హాజరు పట్టీలో పేరెక్కని కూలీ దానికేం చూపగలడు? దేశంలో ఎందరో సిలికోసిస్ బాధితుల దరఖాస్తులు ఈ మెట్టు దగ్గరే ఆగిపోయాయి.

పరిశోధనలు ఏమంటున్నాయి?

ఉద్యోగుల నిర్వహణ ఇవాళ ఒక పెద్ద శాస్త్రం. యజమానికీ పనివాడికీ మధ్య పైకి చెప్పని ఒప్పందం ఒకటి ఉంటుందని అమెరికా పరిశోధకుడు క్రిస్ ఆర్గిరిస్ 1960లోనే గుర్తించాడు. డెనిస్ రూసో 1989లో ఆ ఆలోచనను మరింత విశదం చేశారు. ఏది మాట ఇచ్చారో, ఏది ఆశించారో ఇద్దరూ ఒకేలా అనుకోరన్నది అందులోని సారాంశం. "పండుగకు చూద్దాంలే" అని యజమాని అంటాడు. బోనసు ఖాయమని కుర్రాడు అనుకుంటాడు. పండుగ వెళ్ళిపోయాక ఒకరికొకరు మోసగాళ్ళుగా కనిపిస్తారు. నిజానికి ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. మాటను తేల్చుకోలేదు, అంతే.

ముస్లింల స్థితిగతులపై 2006లో నివేదిక ఇచ్చిన సచార్ కమిటీ కూడా ఈ విషయం ప్రస్తావించింది. ముస్లింలలో సొంతపని చేసుకునేవారే ఎక్కువని, జీతానికి కుదిరినవారిలోనూ రాతపూర్వక ఒప్పందం, సామాజిక భద్రత లేనివారి పాలు ఇతరులకంటే ఎక్కువని తెలిపింది. కనుక ఇది మన ఇళ్ళకు దగ్గరి సమస్య.

"మనవాళ్ళే కదా!"

వెల్డింగు షాపు, టైలరింగు, హోటలు, తాపీపని, మెకానిక్ షెడ్డు... ఇలాంటిచోట్ల పనిలో పెట్టుకునేది మేనల్లుడినో, పక్కింటి అబ్బాయినో. "మనవాళ్ళ దగ్గర కాగితాలేమిటి, నమ్మకం లేదా?" అని మామూ నొచ్చుకుంటాడేమోనని అబ్బాయి అడగడు. అడగలేదు కదా అని మామూ రాయడు.

అయితే గడువు పెట్టి చేసే రుణవ్యవహారాన్ని రాసుకోమని దివ్యఖుర్‌ఆన్ ఆజ్ఞాపించింది విశ్వాసులనే. మొత్తం చిన్నదైనా పెద్దదైనా రాయడానికి బద్ధకించవద్దని అల్ బఖరా సూరా చెబుతోంది. నెలాఖరున ఇవ్వవలసిన జీతం అప్పటిదాకా యజమాని మీద ఉన్న బాకీయే కదా! అల్ ఖసస్ సూరాలో మూసా (అలైహిస్సలాం)ను కొలువులో పెట్టుకున్న పెద్దమనిషి ఎనిమిదేళ్ళని గడువు ముందే చెప్పారు. పదేళ్ళు చేయడం నీ ఇష్టమన్నారు, నిన్ను కష్టపెట్టనన్నారు. చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న దైవప్రవక్త (స) హితవు మనందరికీ తెలిసిందే. రాసుకుంటే నమ్మకం పోదు, ఆ నమ్మకానికి కాపలా ఏర్పడుతుంది.

చట్టం తోడుంది

2025 నవంబరు 21 నుంచి దేశంలో నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చాయి. కార్మికులందరికీ నియామక పత్రం తప్పనిసరి అని కేంద్రం ప్రకటించింది. వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా అందాలి. పని మానినా, తీసేసినా బకాయి రెండు పనిదినాల్లో చెల్లించాలి. ఈ హక్కులు అడిగేటప్పుడు కూడా కావలసింది మొదట ఆ కాగితమే.

పెద్ద ఖర్చేమీ లేదు. ఒక నోటుపుస్తకం చాలు. చేరిన తేదీ, పని, కూలి, గంటలు, తీసుకున్న అడ్వాన్సు రాసి ఇద్దరూ సంతకం చేయాలి. చదువు రానివారికి చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. ఇద్దరి దగ్గరా ఒక్కో ప్రతి ఉండాలి. డబ్బు ఫోను ద్వారా పంపితే ఆ వివరమూ దాచుకోవాలి. హైదరాబాదుకో, బెంగుళూరుకో మేస్త్రీ వెంట వెళ్ళేవారు అతని పేరు, చిరునామా, పనిచేసే చోటు ఇంట్లో రాసిపెట్టి వెళ్ళాలి. పీఎఫ్ కోత పడుతుంటే ఆ నంబరు ఇల్లాలికీ తెలియాలి.

ఈ పని యజమానులే మొదలుపెడితే మరీ మంచిది. మీ కొట్లో పనిచేసే కుర్రవాడు సిగ్గుపడి అడగకపోవచ్చు. ఈ నెల జీతం చేతికిచ్చే రోజున ఆ నోటుపుస్తకం కూడా మీరే తెరవండి.