మండుటెండలో నలుపు–తెలుపు: ఏ ఫిల్ము మేలు?

వెలుతురు ఎంత ఎక్కువగా ఉంటే ఛాయాచిత్రం అంత చక్కగా వస్తుందని చాలామంది విశ్వాసం. మేమూ అలాగే భావించేవారము. ఆ భ్రమ తొలగుటకు మేము చెల్లించిన మూల్యం స్వల్పమైనది కాదు.

చాలా ఏళ్ళ క్రితం మా నాన్నగారు మమ్మల్ని చూడటానికి కలకత్తా వచ్చారు. మే నెల మిట్టమధ్యాహ్నం విక్టోరియా మెమోరియల్ ఎదుట వారిని నిలబెట్టి, 400 వేగం గల ఫిల్ముపై ఒకే ఒక చిత్రం తీశాము. కెమెరాలోని మీటరు వెనుకనున్న తెల్లని మక్రానా పాలరాతిని కొలిచి, కాంతిని బాగా తగ్గించమన్నది, మేమట్లే చేశాము. నెగటివులో భవనం దివ్యంగా ఉన్నది. నాన్నగారి ముఖమున్న చోట మాత్రం ఏమీ లేదు. మరుసటి ఏడే వారు స్వర్గస్థులైనారు. నెగటివులో లేనిదానిని ఎంతటి నిపుణుడూ ప్రింటులోకి తేలేడు.

దోషం ప్రధానంగా మా కొలతది. ఎంపిక కూడా సరియైనది కాదు. నిర్మలమైన ఎండలో అపెర్చరు 16 వద్ద ఉంచితే, షట్టరు వేగం ఫిల్ము వేగానికి సమీపంగా ఉండాలన్నది పాత సూత్రం. 400 ఫిల్ముకు అది సుమారు సెకనులో 500వ వంతు. పాత కెమెరాలు అనేకం అంతకు మించి పోవు. కనుక అపెర్చరు 16 వద్దనే బిగుసుకుపోతుంది. వెనుక దృశ్యాన్ని మసకబరచే వీలుండదు. 100 లేదా 125 ఫిల్మయితే, అదే షట్టరు వేగంతో అపెర్చరును 8కి తెరువవచ్చును. రేణువులూ సన్నగా ఉంటాయి. ఇల్‌ఫర్డ్ ఎఫ్‌పీ–4 ప్లస్, కొడాక్ టీ–మాక్స్ 100 ఈ కోవకు చెందినవి.

అయితే కుమార్‌టులీ సందులలో సగం ఎండ, సగం చీకటి. అచ్చట హెచ్‌పీ–5 ప్లస్, ట్రై–ఎక్స్ వంటి 400 ఫిల్మే ఆదుకుంటుంది. రీలు మధ్యలో మార్చలేము గనుక, ఉదయం ఎచ్చట, మధ్యాహ్నం ఎచ్చట అని ముందుగా నిర్ణయించుకోవాలి.

ఎండలో నీడలు కారునలుపు, తెలుపులు కళ్ళు మిరుమిట్లు గొలిపేవి. కాబట్టి కొలత నీడనున్న ముఖానిది తీసుకోవాలి. 100 ఫిల్మును 50గా భావించి ఎక్స్‌పోజరు ఇచ్చి, డెవలపింగు సమయాన్ని 15–20 శాతం తగ్గిస్తే రెండు కొసలూ నిలుస్తాయి.

హావ్‌డా వంతెన చెంత మల్లిక్ ఘాట్ పూలబజారులో ఫిల్టరు మహిమ చూడవచ్చును. పసుపు ఫిల్టరు ఆకాశాన్ని కొంత నలుపుచేసి, బంతిపూలను తేలిక రంగులో చూపుతుంది. ఎర్ర ఫిల్టరుతో మందారాలు దాదాపు తెల్లగా కనిపిస్తాయి! కాని మొదటిదానికి ఒక స్టాపు, రెండవదానికి సుమారు మూడు స్టాపులు అదనంగా ఇవ్వాలి.

ఒకప్పుడు ఊటీలోని మన ప్రభుత్వరంగ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరిట ఫిల్ము తయారుచేసేది. ఆ ఉత్పత్తి నిలిచిపోయింది. నేడు విదేశీ ఫిల్మే శరణ్యం, ధరా అధికమే.

అయినను పాఠకమిత్రులకు మా మనవి ఒక్కటే. ఇంటి పెద్దలను చిత్రించునపుడు ఖరీదు తలచి ఒక్క చిత్రంతో సరిపెట్టుకోవద్దు. వారిని చెట్టునీడకు పిలిచి, దగ్గరగా వెళ్ళి ముఖాన్ని కొలిచి, ఎక్స్‌పోజరు మార్చి రెండవది కూడా తీయండి. ఆనాడు మా రీలులో ఇంకా పదకొండు చిత్రాలకు చోటున్నది.