బబులోను నది ఒడ్డున ఎనిమిది గొంతులు

దావీదు కీర్తనల్లో 137వది చెరపోయిన జనం గోడు. ఊరు పోయింది, గుడి కూలింది. పరాయి నది ఒడ్డున సితారాలను చెట్లకు తగిలించి ఏడుస్తున్న యూదులను, చెరపట్టినవాళ్లే వచ్చి సీయోను పాట ఒకటి పాడమంటారు. ఎలా పాడతారు?

పాట రాని ఆ గొంతులకు పాట కట్టినవాడు జర్మన్ స్వరకర్త హైన్రిష్ షూట్స్. 1619లో డ్రెస్డెన్‌లో అచ్చయిన ఆయన ‘దావీదు కీర్తనలు’ సంపుటిలో 26 రచనలున్నాయి. వాటిలో నా మనసు పట్టేసింది ఇదే.

షూట్స్ తండ్రి సత్రం నడిపేవాడు. అక్కడ బస చేసిన హెస్సె ప్రభువు మోరిట్స్, కుర్రవాడి గొంతుకు ముగ్ధుడై తన ఆస్థానానికి తీసుకెళ్లాడు. 1609లో వెనిస్‌కు పంపిందీ ఆయనే. అక్కడి సెయింట్ మార్క్స్ చర్చిలో జొవాన్నీ గాబ్రియేలి గాయకులను బృందాలుగా విడదీసి, ఎదురెదురుగా పాడించేవాడు. షూట్స్ ఆ విద్య నేర్చుకుని, లూథర్ జర్మన్ బైబిలుకు అన్వయించాడు.

137వ కీర్తనలో రెండు బృందాలు, ఒక్కోదానిలో నాలుగు గొంతులు. ఒకరు అన్న మాటను మరొకరు అందుకుంటారు. రాగం సాగదీయడం తక్కువ. మనిషి మాట్లాడే లయలోనే పాట నడుస్తుంది. తొందరపడి తాళం పరుగెత్తిస్తే మాట తెలియదనీ, వినేవారికి అది ఈగల యుద్ధంలా ఉంటుందనీ ముందుమాటలో ఆయనే హెచ్చరించాడు. ఎన్ని గొంతులు కలిసినా మాట చెదరకూడదన్న ఆ పట్టుదలే ఈ రచనకు బలం.

కీర్తన చివర శత్రువుల పసిపిల్లలను బండకేసి కొట్టాలన్న శాపం ఉంది. ఆరాధనలో ఆ వచనాలను వదిలేసే చర్చిలు ఇప్పటికీ ఉన్నాయి. షూట్స్ వదల్లేదు. దుఃఖం ఎంత దూరం పోతుందో దాచకపోవడం ఆయన నిజాయితీ.

సంపుటి వెలువడిన 1619 జూన్ 1నే ఆయన పెళ్లి. అంతకు ఏడాది ముందే ముప్పయ్యేళ్ల యుద్ధం మొదలైంది. భార్య మాగ్డలేనా 1625లో చనిపోయింది. యుద్ధం సాక్సనీని తాకాక, అప్పటికి ఆయన పనిచేస్తున్న డ్రెస్డెన్ ఆస్థానంలో గాయకులకు జీతాలు కరువయ్యాయి, బృందం చిక్కిపోయింది. ఆయన కొద్దిపాటి గొంతులు సరిపోయే రచనలు చేసి 1636లో, 1639లో అచ్చు వేయించాడు. 1671లో, 86వ ఏట, 119వ కీర్తనకు స్వరాలు కట్టి మరుసటి ఏడు కన్నుమూశాడు.

1842లో మిషనరీ హయ్యర్ దొర గుంటూరుకు తెచ్చిన లూథరన్ విశ్వాసమే షూట్స్‌దీ. మన క్వయర్లు ఈ కీర్తనను నేర్చుకోవాలి. సాధన చేసే ఎనిమిది మంది, ఒక ఆర్గన్ ఉంటే చాలు.