రాజ్యానికి మూలం రొట్టె ముక్క

"ఉస్తాద్ గారూ! ప్రపంచంలో మొట్టమొదటి రాజు ఎవరు?" అని ఒకసారి తరగతిలో ఓ కుర్రవాడు మమ్మల్ని అడిగాడు. పక్కవాడు 'నమ్రూద్' అన్నాడు. ఇంకొకడు 'ఫిరౌన్' అన్నాడు. మేము ఏ పేరూ చెప్పలేదు. "పొద్దున నువ్వు తిన్న రొట్టె ఎంతమంది చేతుల మీదుగా వచ్చిందో లెక్కపెట్టు. రాజు ఎవరో కాదు, ఎందుకు వచ్చాడో తెలుస్తుంది" అన్నాము.

ఈ జవాబు మా సొంతం కాదు. ఆరు వందల ఏళ్ళకు పూర్వమే అల్లామా ఇబ్నె ఖల్దూన్ చెప్పినది. ఆయన 1332లో ట్యూనిస్ నగరంలో జన్మించారు. పదహారు, పదిహేడేళ్ళ వయసులో ప్లేగు మహమ్మారి ఆయన తల్లిదండ్రులను పొట్టన పెట్టుకుంది. తర్వాత ట్యూనిస్, ఫెజ్, గ్రనడా దర్బారుల్లో కొలువు చేశారు. ఫెజ్‌లో జైలు కూడా అనుభవించారు. సింహాసనాలు తారుమారు కావడం కళ్ళారా చూసి విసిగి, 1375లో నేటి అల్జీరియాలోని ఒక కోటలో తలదాచుకున్నారు. అక్కడే 1377లో అయిదు నెలల్లో 'ముఖద్దిమా' గ్రంథం రచించారు. రాజ్యం ఎలా పుడుతుంది, ఎందుకు కూలుతుంది అన్నదే అందులోని ముఖ్యమైన ప్రశ్న.

ఒంటరిగా బతకలేని మనిషి

మనిషికి ఒక్కరోజు తిండి కావాలి. గుప్పెడు గోధుమలు ఉన్నాయనే అనుకుందాం. వాటిని విసరాలి, పిండి కలపాలి, కాల్చాలి. అందుకు పనిముట్లు, పాత్రలు కావాలి. అంటే కమ్మరి, వడ్రంగి, కుమ్మరి ఉండాలి. విసరకుండా గింజలే నమిలి తింటానన్నా విత్తేవాడు, కోసేవాడు, నూర్చేవాడు లేనిదే గింజ ఎక్కడిది? ఒక్కడి చేతితో ఒక్కడి కడుపు నిండదు. అదే కొందరు కలిసి పనిచేస్తే, వారికి సరిపోను మరెందరికో మిగులుతుంది. సమాజానికి పునాది ఇదే అన్నారు ఇబ్నె ఖల్దూన్.

అయితే కలిసి బతికేచోట తగవులు కూడా ఉంటాయి. అడవి మృగాన్ని ఆయుధంతో ఆపవచ్చు. పక్కవాడి చేతిలోనూ అదే ఆయుధం ఉంటే ఏం చేయాలి? ఒకరి మీద ఒకరు చెయ్యెత్తకుండా ఆపగలవాడు ఒకడు కావాలి. ఆయన్ని 'వాజిఅ' అన్నారు, అంటే నిలువరించేవాడు. ఎడారి గుడారాల్లో ఆ పని తెగ పెద్దలు చేసేవారు. వారి మాటను జనం గౌరవంతో వినేవారు. విననివాడి చేత బలవంతంగానైనా వినిపించగల శక్తి ఒకచోట పోగుపడినప్పుడు అది 'ముల్క్', అనగా రాజ్యం అవుతుంది.

ప్రవక్త, దైవశాసనం లేనిదే మానవ సమాజమే నిలవదని కొందరు తత్వవేత్తలు వాదించేవారు. ఇబ్నె ఖల్దూన్ ఆ వాదాన్ని ఒప్పుకోలేదు. దైవగ్రంథం లేని జాతులకు కూడా రాజ్యాలు ఉన్నాయి, ఘనమైన కట్టడాలు ఉన్నాయి అన్నారు. తర్వాతి కాలంలో కైరోలో ఖాజీ పదవి నిర్వహించిన ఆలిమ్ ఈ మాట చెప్పడానికి వెనుకాడలేదు. రాజ్యం పుట్టడానికి మనిషి అవసరం చాలు. అది న్యాయంగా నడవడం వేరే సంగతి.

ఉరుక్ మట్టిపలకలు

ఇబ్నె ఖల్దూన్ చూసినవి ఎడారి తెగలు, కొండ తెగలు పట్టణాలను జయించి స్థాపించిన రాజ్యాలు. అంతకంటే ఎంతో పురాతనమైన రాజ్యాల ఆనవాళ్ళు ఆధునిక కాలంలో తవ్వకాల్లో బయటపడ్డాయి. దక్షిణ ఇరాక్‌లోని ఉరుక్ నగరం అయిదు వేల ఏళ్ళకు పూర్వమే వేలాది జనంతో కళకళలాడింది. అక్కడ దొరికిన మట్టిపలకలు ప్రపంచంలోని అతి ప్రాచీనమైన రాతల్లోవి. వాటిలో రాజుల పొగడ్తలు ఉంటాయనుకుంటే పొరపాటు. ఎక్కువ భాగం పద్దులే. బార్లీ ఎంత, గొర్రెలు ఎన్ని, పనివారికి గింజలు ఎంత అన్న లెక్కలే. ధాన్యాన్ని కొలిచి, దాచి, పన్నుగా తీసుకోవడానికి వీలైన నదీలోయల్లోనే తొలి రాజ్యాలు లేచాయని కొందరు పరిశోధకుల అభిప్రాయం. దారి వేరైనా మళ్ళీ మనం రొట్టె దగ్గరికే వచ్చాము.

అసబియ్యత్: మంచిదా, చెడ్డదా?

రాజ్యం స్థాపించాలంటే కత్తి ఒక్కటి చాలదు. ఒకరి కోసం ఒకరు ప్రాణమిచ్చే బంధం కావాలి. దీన్నే ఇబ్నె ఖల్దూన్ 'అసబియ్యత్' అన్నారు. ఉర్దూ తెలిసిన పాఠకులు ఇక్కడ ఉలిక్కిపడవచ్చు. ఉర్దూలో ఈ మాటకు దురభిమానం అని కదా అర్థం! అజ్ఞానకాలపు తెగ దురభిమానాన్ని దైవప్రవక్త (స) ఖండించలేదా? ఈ సందేహం ఇబ్నె ఖల్దూన్‌కు కూడా తెలుసు. గర్వానికి, అన్యాయానికి వాడిన అసబియ్యత్ నిషిద్ధమే. సత్యం కోసం, బలహీనుల రక్షణ కోసం నిలబడే అసబియ్యత్ లేకపోతే ఏ మంచిపనీ సాగదు అని ఆయన వివరించారు.

మదీనాను చూడండి. అప్పట్లో యస్రిబ్ అనే ఆ ఊరికి రాజు లేడు. ఔస్, ఖజ్రజ్ తెగలు ఏళ్ళ తరబడి కొట్టుకుని అలసిపోయాయి. 622లో హిజ్రత్ తర్వాత కుదిరిన ఒడంబడిక ముహాజిర్లను, అన్సార్లను, యూదు తెగలను ఒక్క కట్టుబాటు కిందికి తెచ్చింది. తెగలను రద్దు చేయలేదు. రక్తపరిహారం ఏ తెగకు ఆ తెగే చెల్లించుకోవాలని చెప్పింది. కాని తగవు తీర్పు దైవప్రవక్త (స) వద్దకు రావాలన్నది. రక్తబంధాన్ని తెంచకుండానే దానికి మించిన బంధం వేసింది.

మూడు తరాల కథ

అరబ్బీలో 'దౌలత్' అంటే రాజ్యం. ఉర్దూలో సంపద. మూలార్థం మాత్రం 'చేతులు మారేది'. ఒక రాజవంశం ఆయుష్షు మూడు తరాలు, అంటే నలభై ఏళ్ళ చొప్పున నూట ఇరవై ఏళ్ళు అని ఇబ్నె ఖల్దూన్ అంచనా. మొదటి తరం కష్టానికి ఓర్చి గెలుస్తుంది. రెండో తరం భవనాల్లో సుఖపడుతుంది. మూడో తరం ఆ కష్టాన్నే మరిచిపోయి కిరాయి సైనికుల మీద ఆధారపడుతుంది. మువహ్హిదీన్ వంశం 1147లో మర్రాకెష్ నగరాన్ని గెలిచింది, 1269లో పోగొట్టుకుంది. సరిగ్గా 122 ఏళ్ళు. అయితే ఈ లెక్క అందరికీ సరిపడదు. మన హైదరాబాద్ ఆసఫ్ జాహీలు 1724 నుంచి 1948 దాకా ఉన్నారు. లెక్క కంటే ఆయన చూపిన కారణమే మనకు ముఖ్యం.

ఆ కారణం జుల్మ్. రాజ్యం కొత్తగా ఉన్నప్పుడు పన్ను తక్కువ, రాబడి ఎక్కువ. రైతుకు, వర్తకుడికి పనిచేయాలన్న ఉత్సాహం ఉంటుంది. విలాసాలు, సైన్యం ఖర్చు పెరిగేకొద్దీ సంతలో సరుకు మీద కూడా కొత్త పన్నులు వేస్తారు. ఫలితం దక్కదని తెలిసిన రైతు నాగలి వదిలేస్తాడు. పన్ను పెరిగి రాబడి తరుగుతుంది. జనం వలసపోతారు, ఊళ్ళు పాడుబడతాయి.

జుల్మ్ అంటే ఆస్తి లాక్కోవడం ఒక్కటే కాదు అంటారాయన. కూలి ఇవ్వకుండా పని చేయించుకోవడం ఘోరమైన అన్యాయాల్లో ఒకటి. పేదవాడికి శ్రమే ఆస్తి మరి. వెట్టి అంటే ఏమిటో తెలంగాణ పల్లెల్లో పెద్దలకు వివరించనక్కర్లేదు. నిజాం కాలంలో జాగీర్దార్లు, దేశ్‌ముఖ్‌ల గడీల ముందు మోసిన బరువే 1946లో సాయుధ పోరాటమై లేచింది. అక్కడ పాలకుడి మతం ఏమిటన్నది కాదు, శ్రమకు విలువ దక్కిందా అన్నదే ప్రశ్న.

ఇబ్నె ఖల్దూన్ 1406లో కైరోలో కన్నుమూశారు. ఆయన చెప్పింది సుల్తానులకే అనుకోవద్దు. మన దుకాణంలో పనిచేసే కుర్రవాడు, మన పొలంలో నాటు వేసే కూలితల్లి, మన ఇంట్లో అంట్లు తోమే మనిషి. వీరి మీద మనకున్నది కూడా చిన్నపాటి రాజ్యమే. ఈ వారం వారి కూలి బాకీ లేకుండా ఇచ్చామా అని ముందు మనల్ని మనం అడుగుదాం. రాజుల సంగతి తర్వాత.