పెద్దల ఓపీ బిల్లు: మెడిసేవ్ ఎంతవరకు కడుతుంది?

వయసు మీద పడ్డాక పర్సును ఖాళీ చేసేది ఒక్క ఆపరేషనే కాదు. బీపీ, షుగర్ మాత్రలు, మూడు నెలలకోసారి రక్తపరీక్ష, కంటి డాక్టరు, మోకాళ్ల నొప్పులు. ఒక్కోటీ చిన్న బిల్లే, కానీ జీతం ఆగిపోయాక మొదలై చివరిదాకా వెంట ఉంటుంది. మన ఆయుష్మాన్ భారత్ 70 ఏళ్లు నిండినవారికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు రక్షణ ఇస్తున్నా, అది ప్రధానంగా ఆస్పత్రిలో చేరినవారి కోసమే. నెలనెలా కొనే మాత్రలు సొంత డబ్బుతోనే.

సింగపూర్ ఈ ఖర్చు కోసం ఉద్యోగం చేసే రోజుల్లోనే డబ్బు పక్కన పెట్టిస్తోంది. 1984లో మొదలైన మెడిసేవ్ ఖాతాలోకి వయసును బట్టి జీతంలో 8 నుంచి 10.5 శాతం వెళ్తుంది. నెలకు 4,000 సింగపూర్ డాలర్లు తెచ్చుకునే 52 ఏళ్ల ఉద్యోగి ఖాతాలో నెలకు 420 డాలర్లు పడతాయి. వడ్డీ కనీసం 4 శాతం.

డబ్బు ఉంది కదా అని ఓపీకి ఇష్టమొచ్చినంత తీయడానికి వీల్లేదు. దీర్ఘవ్యాధులకు ఏడాదికి 500 డాలర్లు, రెండు వ్యాధులు కలిసి ఉన్నా వ్యాధి ముదిరినా 700 పరిమితి. 2015లో దీనికి తోడుగా ఫ్లెక్సీ మెడిసేవ్ వచ్చింది. మొదట 65 ఏళ్లు దాటినవారికి ఏడాదికి 200 డాలర్లు. తర్వాత వయసు 60కి తగ్గించారు. పరిమితి 2021లో 300కి, 2025 అక్టోబరులో 400కి పెరిగింది. దీన్ని పాలీక్లినిక్‌లో, ప్రభుత్వ స్పెషలిస్టు ఓపీలో వాడుకోవచ్చు.

లెక్క వేసి చూద్దాం. షుగర్, బీపీ రెండూ ఉన్న 68 ఏళ్ల పెద్దాయనకు సబ్సిడీ పోను మూడు నెలలకోసారి 160 డాలర్ల బిల్లు వస్తుందనుకుందాం. ఏడాదికి 640. మామూలుగా దీర్ఘవ్యాధి బిల్లులో 15 శాతం, అంటే 96 డాలర్లు, ఆయన చేతినుంచి కట్టాలి. మిగతా 544 మెడిసేవ్ కడుతుంది. ఆ 96ను ఫ్లెక్సీ నుంచి తీసుకున్నా అందులో ఇంకా 304 మిగులుతుంది. అక్కడి ప్రభుత్వ ఆరోగ్య పథకం హెల్దియర్ ఎస్‌జీలో చేరి, తాను ఎంచుకున్న క్లినిక్‌లోనే చూపించుకుంటే ఆ 15 శాతం నగదు నిబంధన కూడా లేదు.

ఇన్ని పరిమితులు ఎందుకని విసుగు రావచ్చు. నాకు మాత్రం ఈ పథకానికి ప్రాణం అక్కడే ఉందనిపిస్తుంది. ఖాతాలో 10,000 డాలర్లుంటే 4 శాతం వడ్డీ 400. సరిగ్గా ఫ్లెక్సీ పరిమితి అంత. అంటే ఆ ఒక్క ఖర్చు వరకు అసలు కరగదు. ఈ పరిమితుల తాళం లేకపోతే 60లలోనే ఖాతా ఖాళీ అయ్యి, ఖర్చు బరువెక్కే 80లలో ఏమీ మిగలదు. పైగా ఆస్పత్రి బీమా మెడిషీల్డ్ లైఫ్ ప్రీమియం కూడా ఈ ఖాతా నుంచే కట్టుకోవచ్చు. అది వయసుతోపాటు పెరుగుతూ పోతుంది.

అసలు లోపం వేరే ఉంది. జీతం నుంచి పుట్టే పొదుపు, జీతం లేనివారి దగ్గర పుట్టదు. పిల్లల్ని పెంచుతూ ఇల్లు నడిపిన ఆడవాళ్ల ఖాతాలో ఏముంటుంది? వాళ్ల చాకిరీకి ఎవరూ నెలనెలా 8 శాతం జమ చేయలేదు. 60 దాటిన భర్త ఖాతాలోంచి భార్య ఫ్లెక్సీ బిల్లు కట్టే వీలు ఉండటం మంచిదే. కానీ భర్త పొదుపే పలచనైతే? ఇక్కడ ప్రభుత్వం చెయ్యి వేయక తప్పలేదు. 1949 చివరిలోగా పుట్టిన పయనీర్ తరానికి 2014లో ప్రకటించిన ప్యాకేజీ కింద ఏడాదికి 200 నుంచి 800 డాలర్లు జీవితాంతం జమ చేయాలని నిర్ణయించింది. 1950లలో పుట్టినవారికి 2019 నుంచి ఐదేళ్లపాటు ఏటా 200 వేసింది. సొంత పొదుపు పేరుతో మొదలైన ఖాతాను, పెద్దల విషయానికి వచ్చేసరికి పన్నుల డబ్బుతో నింపాల్సి వచ్చింది. అలా నింపడం న్యాయమేనని నా నమ్మకం.